మా అత్తగారి టెలిఫోను



టెలిఫోను తీగను గూర్చి స్త్రీలు వ్రాయవలసిన దేమున్నదని కొందఱు నవ్వుకొనవచ్చును. స్తంభములు, తీగలు, మీటలు మగవారి వ్యవహారమని మన యిండ్లలో నేటికిని అనుకొనుట కలదు. కాని ఆ యంత్రము మ్రోగినప్పుడు వంటింటినుండి చేయి తుడుచుకొనుచు పరుగెత్తునది ఎవరు? దూరమున నున్న బిడ్డ గొంతు విని, జలుబు చేసినదని మొదటి మాటలోనే కనిపెట్టునది ఎవరు? కావున ఈ సంగతి మనదే యని తలచి వ్రాయబూనితిని. ఇందు నా తప్పుకూడ కొంత యున్నది. దానిని దాచక చెప్పెదను.

మా అత్తగారు బాపట్లలో ఒంటరిగా నుందురు. ఎనుబదేండ్లు దాటినవి. మామగారు గతించి చాల కాలమైనది. మా వారి ఉద్యోగము హైదరాబాదులో. ఆడపడుచు కాపురము ఇంగ్లండులో. తమయొద్దకు రమ్మని కొడుకును కూతురును ఎన్నిమారులు పిలిచినను వారు కదలరు. "మీ దగ్గరికొచ్చి నేనేం చేస్తానమ్మా? మీ కిటికీ తెరిస్తే ఇంకొకరి కిటికీ కనపడుతుంది. ఇక్కడ నాకు నూతి చప్టా ఉంది, పారిజాతం చెట్టుంది, పొద్దున్నే భావనారాయణస్వామి గుడి గంట వినపడుతుంది" అందురు. ఆ మాటకు బదులు చెప్పుట మాకు చేత కాలేదు.

ఆ యింటి నడవలో టేకు ముక్కాలిపీటమీద, అత్తగారు స్వయముగా అల్లిన లేసు గుడ్డపైన, నల్లని టెలిఫోను ఒకటి ముప్పదియైదేండ్లుగా నుండెను. మామగారు 1980లో దరఖాస్తు పెట్టగా అది 1987లో వచ్చినది. ఆ దినములలో టెలిఫోనుకై ఏండ్లకొలది కాచుకొనుట దేశమంతటను ఉన్న మాటయే. వచ్చిన దినమున వీధిలోనివారికందఱకు పులిహోర పంచిపెట్టిరట. వ్రేలు పెట్టి త్రిప్పెడి చక్రము, బరువైన రిసీవరు, ఊరంతటికి వినబడునంతటి గంట. మే మెచ్చటనున్నను సాయంకాలము ఏడు గంటలకు దానికి మాటలాడుట నియమము. ఆ గంట మ్రోతలకు మాలో ఒక లెక్క యుండెడిది. మూడు మ్రోతలకే ఎత్తిన నడవలో కూర్చుండి కాచుకొని యున్నారని అర్థము. ఆఱైన పెరటిలో నున్నారని. పది దాటిన ప్రక్కయింటివారిని పిలువవలెను. ఇన్నేండ్లలో పది దాటినది రెండు మూడు మారులకంటె లేదు.

సెల్‌ఫోను లేదా యని మీరడుగుదురు. కొని యిచ్చితిమి. ఆ గాజుపలకమీద వ్రేలు ఆనించిన ఒకటి తెఱచుకొనబోయి వేఱొకటి తెఱచుకొనును. చెవికి చేర్చునప్పటికి మాట తెగిపోవును. నాలుగు దినములు ప్రయత్నించి, దానిని పాత పట్టుగుడ్డలో చుట్టి, వెండి గిన్నెలతోకూడ బీరువాలో భద్రపఱచిరి.

రాగి తీగను గూర్చి గొప్పలు చెప్పుటకు నేను రాలేదు. కడపటి యేండ్లలో అది మమ్ములను చాల బాధపెట్టినది. వానకాలము రాగానే భూమిలోని అతుకులలో నీరు చేరి, మాటలో పకోడీలు వేగుచున్నట్లు చప్పుడు వచ్చెడిది. ఒకప్పుడు మఱియొకరి సంభాషణ మన చెవిలో పడెడిది; ఎవరి యింటి వియ్యాలవారి తగవో అత్తగారు రెండు దినములు విని, మూడవనాడు తీర్పుకూడ చెప్పినారు. రోడ్డు త్రవ్విన ప్రతిమారు తీగ తెగును. రాగికి వెల యున్నది గనుక దొంగలు కోసికొని పోవుటయు కలదు. మునుపు ఒక లైనుమాను ఉండెడివాడు. వీధిలోని ప్రతి తీగయు వానికి తెలియును. వచ్చి బాగుచేసి మజ్జిగ త్రాగి పోయెడివాడు. ఆతడు ఉద్యోగము విరమించిన పిదప ఆ తీగలను ఎఱిగినవాడు మఱి రాలేదు.

2022 జూను నెలలో మేము సెలవులకు బాపట్ల పోయియుండగా, టెలిఫోను కార్యాలయమునుండి ఇద్దఱు కుఱ్ఱవాండ్రు వచ్చిరి. రాగి తీగలు ఇక నిలువవనియు, ఫైబరు అనగా గాజు తీగ వేసెదమనియు, నంబరు మారదనియు, మాట గంటవలె మ్రోగుననియు, ఆ తీగమీదనే ఇంటర్నెట్టు వచ్చుననియు చెప్పిరి. నాకు ఆశ పుట్టినది. ఇంగ్లండులోని మనుమరాండ్ర ముఖములు అత్తగారికి టెలివిజనులో చూపవచ్చునని తలచితిని. మా వారు ఊరిలోనికి పోయియుండిరి. నేనే సంతకము పెట్టితిని.

వారు అఱచేయి వెడల్పు తెల్లని పెట్టె నొకదానిని గోడకు తగిలించి, దాని త్రాడు కరెంటు ప్లగ్గులో గ్రుచ్చిరి. టెలిఫోను తీగను ఆ పెట్టెకు కలిపిరి. అత్తగారు కుర్చీలో కూర్చుండి సర్వము చూచుచుండిరి. అప్పుడు ఒక ప్రశ్న వేసిరి.

"దీన్ని కరెంటులో పెడుతున్నారు గదా, కరెంటు పోతే ఫోను పలుకుతుందా, అమ్మాయీ?"

ఆ కుఱ్ఱవాడు మీటలు నొక్కుచు, "ఏం తేడా ఉండదు మామ్మగారూ" అనెను. నేనును నవ్వి, "ఈ రోజుల్లో కరెంటు పోయేది ఎంతసేపు, అత్తయ్యగారూ, పోతూనే వచ్చేస్తుంది" అంటిని. వారు మఱి మాటలాడలేదు. ఆ యింటిలో ఆ దినమున అడుగవలసిన ప్రశ్నను అడిగిన వారొక్కరే. దానిని త్రోసివేసినది నేను.

మొదట చిన్న చిన్న చిక్కులే వచ్చినవి. చక్రము త్రిప్పెడి పాత టెలిఫోనునకు పిలుపులు వచ్చెడివి గాని, దానినుండి ఎవరిని పిలుచుటకును వీలు లేకపోయెను. ఆ చక్రము త్రిప్పినప్పుడు తీగలో టకటకమని లెక్కగా విద్యుత్తు తెగును. ఆ తెల్ల పెట్టెకు ఆ భాష తెలియదు. మీటలు నొక్కెడి క్రొత్తదానిని కొనవలసివచ్చెను. పిమ్మట పడకగదిలోని రెండవ టెలిఫోను మూగవోయినది. దాని తీగ ఇంకను పాత రాగి తీగకే అంటియున్నదని రెండు నెలలకు గాని మాకు తెలియలేదు. ఒకనాడు పనిమనిషి గోడవెంట పోవుచున్న సన్నని తీగను దండెమనుకొని తడి తువాలు ఆరవేయగా, మేకు మూలయొద్ద అది మడత పడినది. పెట్టెమీద ఎఱ్ఱ దీపము వెలిగినది. గాజు తీగ గుండ్రముగ వంగిన సహించును గాని, మడత పెట్టిన దానిలోని వెలుగు ప్రక్కకు కాఱిపోవునట. తెగిన రాగి తీగను లైనుమాను పండ్లతో గీకి మెలిపెట్టి అతికెడివాడు. దీనిని అతుకుటకు రెండు కొసలను కరగించి కలిపెడి యంత్రము పట్టుకొని రావలయును. ఆ యంత్రము వచ్చుటకు ఐదు దినములు పట్టెను.

ఇంకొక చిక్కు మాకు చాల కాలము అంతుపట్టలేదు. తెల్లవాఱుజామున ఎప్పుడు పిలిచినను టెలిఫోను అందెడిది కాదు; ఏడు దాటిన తరువాత చక్కగా మ్రోగెడిది. కార్యాలయమునకు నాలుగు ఫిర్యాదులు వ్రాసితిమి. కడపట తెలిసిన దేమనగా, అత్తగారు రాత్రి పరుండబోవుటకు ముందు ఇంటిలోని స్విచ్చులన్నియు ఆర్పివేయుదురు. కరెంటును వృథా చేయరాదని వారి జీవితమంతటి నియమము. ఆ వరుసలో తెల్ల పెట్టె స్విచ్చును కూడ ఆర్పుచుండిరి. మే మందఱము నవ్వితిమి. నవ్వి, స్విచ్చుమీద ఎఱ్ఱ కాగితము అంటించి ఊరకుంటిమి. ఆ కాగితము అంటించుచున్నప్పుడైనను, స్విచ్చు ఆర్పిన చాలును ఈ టెలిఫోను చచ్చునన్న మాట నా తలకెక్కలేదు.

2023 డిసెంబరు మొదటి వారమున బంగాళాఖాతములో లేచిన మిచౌంగ్ తుపాను, చెన్నపట్నమును వానలతో ముంచి, తీరము వెంబడి పైకి వచ్చి, 5వ తేదీ మధ్యాహ్నము బాపట్ల దగ్గఱనే భూమిమీదికి ఎక్కినది. అత్తగారు తుపానులకు వెఱచువారు కారు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెననాటి రాత్రిని చూచినవారు. 4వ తేదీ సాయంకాలము ఏడు గంటలకు మాటలాడినప్పుడు, "గాలి మొదలైంది. బియ్యం, కిరసనాయిలు ఉన్నాయి. మీరు కంగారు పడొద్దు" అనిరి. ఆ రాత్రియే కరెంటు పోయినది.

5వ తేదీ ఉదయము పిలిచితిని. ఈ నంబరు ప్రస్తుతము అందుబాటులో లేదని ఒక స్త్రీకంఠము పలికెను. మునుపైన గంట మ్రోగెడిది. ఎత్తకపోయిన ఎత్తలేదని తెలిసెడిది. ఇప్పుడు లెక్కించుటకు మ్రోతలే లేవు. ప్రక్కయింటి వారి సెల్‌ఫోను మధ్యాహ్నము వఱకు పలికినది. మామ్మగారు బాగుగనే యున్నారని వారు చెప్పిరి. సాయంకాలమున కదియు ఆగిపోయెను. కరెంటు లేనిచోట సెల్‌ఫోను స్తంభములు తమ బ్యాటరీలమీద కొన్ని గంటలు మాత్రమే నిలుచును. ఆ రాత్రి మా యింటిలో ఎవరును నిదురపోలేదు. 6వ తేదీ తెల్లవాఱకమునుపే మా వారు కారులో బయలుదేఱిరి. నీళ్లెక్కిన రోడ్లు చుట్టివచ్చి బాపట్ల చేరునప్పటికి సాయంకాలమైనది.

జరిగిన దిది. 5వ తేదీ రాత్రి తొమ్మిది గంటల వేళ అత్తగారు లాంతరు పట్టుకొని వెనుక వసారా తలుపు గడియ చూడబోయి, తడిసిన మెట్టుమీద జారి పడిరి. లాంతరు ఆరిపోయినది. కుడిచేయి కదలలేదు. లేచి నిలువబోయిన తుంటి సహకరింపలేదు. కేకలు వేసిరి గాని ఆ గాలిహోరులో ప్రక్కయింటికి వినబడలేదు. చీకటిలో నేలమీద ప్రాకుచు నడవలోనికి వచ్చి, ముక్కాలిపీట అందక, లేసు గుడ్డ కొస పట్టి లాగగా టెలిఫోను నేలమీద పడినది. ఎడమచేతితో రిసీవరు తడవి చెవికి ఆనించుకొనిరి. 108 నొక్కవలెనని వారికి తెలియును. ఆ మీటల స్థానము చూడకయే నొక్కగలరు. కాని చెవిలో ఏ ధ్వనియు లేదు.

ఆస్పత్రిలో నాతో చెప్పినది ఇదొక్కటే: "నూతిలో చెవి పెట్టినట్టుంది, అమ్మాయీ. నూతిలోనైనా కాస్త హోరు వినపడుతుంది."

తెల్లవాఱి పాలు పోయునామె వచ్చి తలుపు తట్టి, లోపలనుండి మూలుగు విని, వీధివారిని పిలిచినది. ఎనిమిది గంటలకు పైగా వారట్లు నేలమీద పడియుండిరి. కుడి మణికట్టు విఱిగినది. తుంటికి దెబ్బ తగిలినను ఎముక నిలిచినదని గుంటూరు వైద్యులు చెప్పిరి. సుగరు మందు తప్పి, చలికి తడిసి యుండుటచే మఱి రెండు దినములు మేము భయపడుచునే యుంటిమి.

నే నప్పు డొక సమాధానము చెప్పుకొంటిని: ఇంతటి గాలిలో పాత తీగయైనను తెగియే యుండును గదా! మా వీధిలో రెండు చెట్లు కూలినవి. కాని ఆ సమాధానము నాకు దక్కలేదు. 7వ తేదీ రాత్రి మా వారు ఇల్లు సర్దుచుండగా కరెంటు వచ్చినది. తెల్ల పెట్టెమీద దీపములు ఒకటొకటిగ వెలిగి, ఆకుపచ్చగ నిలిచినవట. మఱి రెండు నిమిషములకు టెలిఫోను మ్రోగినది; ఇంగ్లండునుండి ఆడపడుచు. ఎవరును వచ్చి బాగుచేసినది లేదు. గాజు తీగ ఆ తుపానంతటికి చెక్కు చెదరక నిలిచియే యున్నది. లోపించినది మా గోడమీది పెట్టెకు కావలసిన చిటికెడు కరెంటు.

ఇంటిలో ఇన్వర్టరు లేదా యని అడుగుదురు. ఉన్నది. కాని దానికి కలిపినవి ఒక పంకా, రెండు దీపములు. పెట్టె గ్రుచ్చిన ప్లగ్గు ఆ వరుసలోనిది కాదు. ఏ ప్లగ్గు ఏ వరుసలోనిదో చూచుట ఆ దినమున వచ్చినవారికిని తోచలేదు, నాకును తోచలేదు.

మా వీధి చివర, టెలిఫోను శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలొకరు కలరు. నేను పోయి వారిని అడిగితిని. వారు ఓపికతో చెప్పిన సంగతి నాకు అర్థమైనంతవఱకు వ్రాయుచున్నాను. పూర్వము ప్రతి టెలిఫోను ఎక్స్ఛేంజిలోను ఒక గదినిండ పెద్ద పెద్ద సీసపు బ్యాటరీలు వరుసగా పేర్చి యుండెడివి. వానినుండి 48 వోల్టుల విద్యుత్తు ఇంటింటికి పోవు రెండేసి రాగి తీగలవెంట వచ్చెడిది. మనము రిసీవరు ఎత్తగానే పలుకు 'కూ' యను ధ్వనికిని, మన మాటకును, గంటకును కావలసిన శక్తి అంతయు అచ్చటిదే. ఊరిలో కరెంటు పోయినను బ్యాటరీలు నడుపును. అవి తగ్గకమునుపే డీజిలు యంత్రము వేయుదురు. అందువలననే ఊరంతయు చీకటిలో మునిగినను టెలిఫోను మాత్రము పలికెడిది. మన మెన్నడును దానిని గూర్చి ఆలోచింపలేదు. పుట్టినింటినుండి నెల నెల ఎవరో బియ్యము పంపుచుండగా ధర ఎంతో తెలియని కోడలివంటి వారము మనము.

గాజు సంగతి వేఱు. ఆ పోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. దానిలో పోవునది మన కంటికి కనబడని వెలుగు. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, ఇంగ్లండులో హాప్కిన్సు అను శాస్త్రజ్ఞునితో కలిసి, గాజుపోగుల కట్టద్వారా బొమ్మను పంపవచ్చునని 1954లో ప్రకటించెను. గాజులోని మలినములు తొలగించిన వెలుగు బహుదూరము పోగలదని చార్లెస్ కావో 1966లో చెప్పి, 2009లో నోబెల్ బహుమానము నందెను. ఈ తీగకు వాననీటి భయము లేదు. పిడుగు రాగి తీగవెంట ఇంటిలోనికి వచ్చి పరికరమును మాడ్చెడిది. గాజు దానిని రానీయదు. వీధిలోని చిన్న డబ్బాలో ఒక్క వెలుగును ముప్పదిరెండు, అఱువదినాలుగు ఇండ్లకు పంచుదురు. ఆ పంచు డబ్బాకు కరెంటే అక్కఱలేదు. ఇంతటి గుణవంతురాలైన గాజునకు ఒక్కటే చేతకాదు. అది విద్యుత్తును మోయలేదు. కాన వచ్చిన వెలుగును మరల మాటగ మార్చు పని ఇంటిలోని పెట్టెకు పడినది. ఆ పెట్టెకు భోజనము ఇంటివారే పెట్టవలెను.

ఈ చిన్న వాక్యము ఒక్కటి సంతకము పెట్టునాడు ఎవరైనను చెప్పియున్న ఎంత బాగుండెడిది! మా ఫిర్యాదునకు కార్యాలయము వారిచ్చిన జవాబు, పెట్టెకు విద్యుత్తు నిచ్చుట వాడుకదారుని బాధ్యత యని. కావచ్చును. బాధ్యత మాది యగుట నాకు కష్టము కాదు. ఇంటిలో బాధ్యతలకు కొదువ యేమి? ముప్పదియైదేండ్లు వారు మోసిన బరువును మా నెత్తికి మార్చుచు, మార్చితిమని చెప్పకుండుటయే నాకు కష్టము. ఆ కుఱ్ఱవానిమీద నాకు కోపము లేదు. దినమునకు ఇన్ని యిండ్లని లెక్క పెట్టి పంపిన, ఎవరైనను ఏమి తేడా లేదనియే చెప్పును.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితమనుకొంటిని. ఆడపడుచు చెప్పగా విన్నాను, ఇంగ్లండులోను ఇదియే కథ. అచ్చట పాత టెలిఫోను తీగలను 2025లో ముగింపదలచి, 2024లో ఆ గడువును 2027 జనవరికి జరిపిరి. అచ్చటి ముసలివారిలో పలువురు మెడలో ఒక మీట ధరింతురు. పడిపోయినప్పుడు దానిని నొక్కిన టెలిఫోను తీగద్వారా సహాయకులకు కబురు పోవును. తీగ మార్చిన పిదప కొన్ని యిండ్లలో ఆ మీటలు పలుకక ఆపదలు కలిగినవి. అంతట 2023 డిసెంబరులో, మా అత్తగారు కట్టుతో మంచముమీద నున్న ఆ నెలలోనే, కంపెనీలవారు ప్రభుత్వముతో ఒప్పుదల పత్రము వ్రాసికొనిరి. మీట పనిచేయుచున్నదని తేలకుండ అట్టివారి తీగను వారి యిష్టము లేక మార్చరాదని అందలి మాట. కరెంటు పోయినప్పుడు కనీస మొక గంటసేపైనను అత్యవసరపు పిలుపు చేయగల ఏర్పాటు ఉండవలెనని అచ్చటి నియంత్రణ సంస్థ 2018లోనే చెప్పియున్నదట. ఒక గంట! మా వీధిలో కరెంటు పోయినది మూడు రాత్రులు. అయినను, ముసలివారు ఇంటిలో ఉన్నారా యని అడుగుట యన్నది అచ్చట ఒక నియమమైనది గదా యని ఆడపడుచుతో అంటిని. "అడగడం దాకా బాగానే ఉంది వదినా, కాగితంమీద అడుగుతారు" అనెను.

ఇక మేము చేసినది చెప్పెదను, ఎవరికైన ఉపయోగపడవచ్చును. మొదట ఆ పెట్టెకు మాత్రమే ఒక చిన్న బ్యాటరీ కొంటిమి. పెట్టె వెనుక ఎన్ని వోల్టులని వ్రాసియున్నదో బ్యాటరీమీదను అదియే ఉండవలెను. మా దానికి 12. కొన్నదే చాలునని ఊరకుండక, కరెంటు ఆపి గడియారము పెట్టుకొని చూచితిని. అంగడివాడు ఆఱు గంటలు చెప్పినది మూడు గంటల పది నిమిషములకు ఆగినది. అందుచేత పెట్టె ప్లగ్గును ఇన్వర్టరు వరుసలోనికి మార్పించితిమి. తుపాను కబురు వచ్చిన దినమున పంకా వేయరాదని అత్తగారే కట్టుబాటు చేసికొనిరి. వెనుకటి తుపాను రాత్రి పంకా, దీపములు కలిసి ఇన్వర్టరును తెల్లవాఱునప్పటికే త్రాగివేసినవి.

తీగలేని టెలిఫోనులు అందముగనే యుండును. వానికిని వేఱుగ కరెంటు కావలెను గనుక మేము తీగయున్న సాదా దానినే ఉంచితిమి. పడకగదికి పోవు పాత తీగను వీధి రాగి తీగనుండి పూర్తిగ విడదీసి, పెట్టెకు కలిపించితిమి. విడదీయకుండ కలుపరాదని ఇంజనీరుగారు గట్టిగ చెప్పిరి. ఇప్పుడు మంచము ప్రక్కను, నేలకు మూరెడెత్తున ఒక టెలిఫోను ఉన్నది. పడినవారికి అందునట్లు. గోడమీది గాజు తీగకు సన్నని గొట్టము తొడిగించితిమి. స్విచ్చుకు మూత బిగించితిమి. బీరువాలోని సెల్‌ఫోను వెండి గిన్నెల సహవాసము విడిచి బయటికి వచ్చినది. దానికి బదులు పెద్ద మీటలున్న చౌకరకము కొని, ఆదివారము ఆదివారము ఛార్జింగు పెట్టుట పనిమనిషి కప్పగించితిమి. పాలు పోయునామెకు వెనుక తలుపు తాళపుచెవి నొకదాని నిచ్చితిమి. అన్నిటిలోను నా మనస్సునకు ధైర్య మిచ్చునది ఈ కడపటిదే.

అత్తగారిని గుంటూరు ఆస్పత్రినుండి తిన్నగ హైదరాబాదు తీసికొని పోయితిమి. రెండు నెలలుండిరి. కట్టు విప్పిన వారమునకే తమ సంచి సర్దుకొనిరి. నేను వలదనలేక, "ఆ రోజు మీరడిగితే నేను విన్లేదు, అత్తయ్యగారూ" అంటిని. ఆ మాట చెప్పుటకు రెండు నెలలు పట్టినది నాకు. వారు చీర మడత పెట్టుచు, "నీకేం తెలుసు, నాకేం తెలుసు? ఆ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో మాత్రం నాకు రాసిపెట్టు" అనిరి.

రాసిపెట్టితిని. ఇప్పుడు ప్రతి నెల మొదటి తేదీ సాయంకాలము ఏడు గంటలకు మే మొక పరీక్ష చేయుదుము. పరీక్ష పెట్టునది వారే. మెయిన్ స్విచ్చు ఆపివేసి, లాంతరు వెలిగించుకొని, నడవలో కూర్చుండి నాకు పిలుపు చేయుదురు. మొన్నటి ఒకటవ తేదీన మా యింటిలో చుట్టము లున్నందున నేను ఎత్తుట ఆలస్యమైనది.

"ఏడు మోతలయ్యాయి. ఎక్కడున్నావు?"

"వంటింట్లో ఉన్నాను, అత్తయ్యగారూ."

"ఇక్కడ అంతా చీకటి చేశాను. మాట వినపడుతోందా?"

"చక్కగా వినపడుతోంది."

"అయితే కాసేపు మాట్లాడు. ఊరికే పెట్టేయకు. ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం."